నీలం రేకు మీద బొటనవేలు

మా బావమరిది ఒకసారి మూడంతస్తుల మేడను ఆసిడ్‌తో కరిగించేశాడు. పైనుంచి కిందిదాకా, కిటికీలతో సహా.

మూడంతస్తులంటే కొంచెం ఎక్కువే అనుకోండి. స్నానాలగది తూము మీద ఉండే ఇనుప జాలీ ఒకటి కరిగింది. కింది వాటా వాళ్ల పైకప్పు మీద దేశపటంలాంటి గోధుమరంగు మరక ఒకటి పడింది. మేడ ఇప్పటికీ నిలబడే ఉంది. అది కట్టిన మేస్త్రీ గొప్పతనం. మావాడు మాత్రం తన వంతు కృషి చేశాడు.

వాడు నా భార్యకు తమ్ముడు. కళ్లజోళ్ల దుకాణంలో గుమాస్తా. పగలంతా ఊళ్లోవాళ్ల ముక్కుల మీద ఫ్రేములు నిలబెట్టి, ఇంటికి రాగానే తన ముక్కును ఆకాశానికెత్తుకుంటాడు. వీధిలో వాణ్ని సైంటిస్టు అంటారు. వాడది బిరుదనుకున్నాడు. ఆ మాట అన్నవాళ్ల మొహం వంక ఒక్కసారైనా చూసి ఉంటే ఆ భ్రమ తీరిపోయేది.

చిన్నప్పటినుంచీ ఇదే వరస. వాళ్ల నాన్నగారి గోడగడియారం విప్పి, తిరిగి బిగించి, మిగిలిపోయిన మరలన్నీ కంపెనీవాడు అనవసరంగా పెట్టినవని తేల్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో టైము తెలియాలంటే పక్కింటికి వెళ్లాల్సి వచ్చేది. మా అత్తగారు మాత్రం కొడుకు బుర్ర పాదరసమని మురిసిపోయారు. ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలంటారు. ఎక్కాడు. ఇంకా దిగలేదు.

పెళ్లయ్యాక ఆ పాదరసమంతా స్నానాలగది మీదికి పారింది. సర్క్యూట్ బోర్డు కొనుక్కోవడం చేతకానివాళ్ల పని అని వాడి సిద్ధాంతం. రాగి రేకు అతికించిన పలక ఒకటి తెచ్చి, దాని మీద చెరగని పెన్నుతో గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన ప్లాస్టిక్ తొట్టిలో వేసి, ఉయ్యాల ఊపినట్టు ఊపుతాడు. చిక్కటి డికాషన్‌లా ఉండే ఆ ద్రవం సిరా లేని చోట రాగిని తినేస్తుంది, సిరా ఉన్న చోట వదిలేస్తుంది. మిగిలిన రాగి గీతలే కరెంటు నడిచే దారులు. పద్ధతి మంచిదే. ద్రవానికి తన పని తెలుసు. ఊపేవాడి నోరే ఆగదు. పలకను ఎప్పుడు తీయాలో చూడకుండా వాడు నాకు పాఠం చెబుతూ కూర్చుంటే, ఈలోపు ద్రవం సిరా కిందికి కూడా దూరి దారులన్నీ భోంచేసేది. తీసి చూస్తే పలక బోడిగుండులా మెరిసేది. పలక నాసిరకం అనేవాడు.

ఆ ఇంటికంతటికీ స్నానాలగది అదొక్కటే. గోడలకు పసుపు చారలు, తువ్వాళ్లకు చిల్లులు. వాడి భార్య మొహం కడుక్కోవాలన్నా తొట్లూ సీసాలూ బ్యాటరీ ఛార్జరూ దాటుకుంటూ పోవాలి. ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. నోరు విప్పడం తక్కువ. విప్పితే మాత్రం ఆ కోతకు కుట్లు పడవు. చివరికి ఒకనాడు విప్పింది.

వీధి చివర గ్రంథాలయం హాలు ఉంది. దాని పెత్తనం పెద్ద పంతులమ్మది. ఆమె బెత్తం రుచి తెలియని అరచేయి మా చుట్టుపక్కల తక్కువ. హాల్లో మైకు యాంప్లిఫయర్ కాలిపోతే, అక్కడ జరగబోయే సభకు కొత్తది చేసిపెడతానని మావాడు ముందుకు దూకాడు. పెట్టె బాగుంటే వేదిక వెనక ఖాళీగా ఉన్న గదిని పనికి వాడుకొమ్మని ఆమె మాట ఇచ్చింది. ఆ గదికి కిటికీ ఉంది, కుళాయి ఉంది. అలాంటి గదికోసం వాడు ఏళ్లతరబడి కలలు కన్నాడు. ఇంట్లో చెల్లెమ్మ మాట ఇంకా సూటిగా ఉంది. సభ నాటికి గది దొరికితే సామాను గదికి, దొరకకపోతే పాతసామాన్ల బండికి. ఆ తర్వాత ఇంట్లోకి చుక్క ఆసిడ్ రాకూడదు.

వాడు నిజంగానే భయపడ్డాడు. ఆ భయంతో నోరు మూసుకున్నాడు, అందువల్ల సర్క్యూట్ బోర్డు కుదిరింది. టంకం పెట్టి, మైకు తగిలించి హలో అంటే పక్కవీధి కుక్క బదులిచ్చింది. అక్కడితో ఆగితే వాడు మనిషే. పెట్టెకు ముందువైపు నీలం అల్యూమినియం రేకు ఉండాల్సిందేనన్నాడు. రంగు పూస్తే పెచ్చులూడుతుందట. అనోడైజ్ చేస్తే రంగు లోహంలోకే దిగుతుందట.

ఆ పని చూడ్డానికి నన్ను పిలిచి తలుపు దగ్గర పీట వేశాడు. మెచ్చుకోవడానికి మనిషి కావాలి కదా. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, రేకును గరుకుకాగితంతో రుద్ది, కాస్టిక్ సోడాలో ముంచి, కడిగాడు.

"బావా, అందరూ తప్పు చేసేది ఇక్కడే. కడిగాక రేకుని వేలితో తాకకూడదు. జిడ్డు అంటిందా, అక్కడ రంగు పట్టదు. ఒకసారి ఉడికించాక దేవుడు దిగొచ్చినా ఆ మచ్చ పోదు."

ఆ మాట నొక్కి చెప్పడానికి వాడికి చూపుడువేలు అవసరమైంది. రబ్బరు తొడుగులో వేలికి అంత గాంభీర్యం రాదు కాబోలు, కుడిచేతి తొడుగు విప్పి నా ముక్కు ముందు వేలు ఆడించాడు. ఎడమచేతిలోని తడి రేకు జారబోయింది. కుడి బొటనవేలితో అదిమి ఆపి, పాఠం కొనసాగించాడు. నేను చెప్పబోయాను. మధ్యలో మాట్లాడొద్దన్నాడు. సరే, పెద్దవాళ్లకు ఎదురుచెప్పకూడదని ఊరుకున్నాను.

నీళ్లు కలిపిన బ్యాటరీ ఆసిడ్‌లో రేకును వేలాడదీసి, ఎదురుగా సీసం రేకు పెట్టి, ఛార్జరు మీట వేశాడు. సన్నటి బుడగలు లేచాయి. ఆ కరెంటుకు అల్యూమినియం మీద కంటికానని రంధ్రాలతో ఒక పొర ఏర్పడుతుంది. బట్టలకు వేసే రంగులో ముంచితే రంగు ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. మరిగే నీళ్లలో ఉడికిస్తే రంధ్రాలు మూసుకుపోయి రంగు లోపలే ఉండిపోతుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, నీలం అద్భుతంగా వచ్చింది. దాని నట్టనడుమ, వాల్యూమ్ మీట పక్కన, సుడులతో సహా తెల్లటి బొటనవేలి ముద్ర కూడా అంతే అద్భుతంగా వచ్చింది.

వాడు గుడ్డతో రుద్దాడు. స్పిరిట్‌తో రుద్దాడు. ఆ ముద్ర ఇంకాస్త మెరిసింది. ఇంకో రేకు చేయడానికి వ్యవధి లేదు. తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరిగి, చివరికి పెట్టె మీద తువ్వాలు కప్పి సభకు మోసుకుపోయాడు.

పెద్ద పంతులమ్మ తువ్వాలు తీసి, మైకు అందుకుని నాలుగు మాటలు మాట్లాడింది. ఆమె గొంతు గంట కొట్టినట్టు మోగింది. జనం చప్పట్లు కొట్టారు. వాడికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడామె కళ్లజోడు సర్దుకుని పెట్టె మీదికి వంగింది. మైకు ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న హాలంతా విన్నది.

"ఈ వేలిముద్ర ఎవరిదోయ్?"

"మా ఆవిడదండీ," అన్నాడు వాడు, రెప్పయినా వేయకుండా. "ఎన్నిసార్లు చెప్పినా వినదు. వస్తువు కనిపిస్తే తాకాల్సిందే."

నేను చదివిన కాన్వెంటు బడిలో సిస్టర్లు అబద్ధానికి ఒక దెబ్బ, తప్పును పక్కవాళ్ల మీదికి నెట్టినందుకు రెండు దెబ్బలు వేసేవారు. ఆ లెక్క ఎంత న్యాయమైనదో నాకు ఆ రోజు తెలిసింది. వాడి మీద ఏ మూలో కాస్త జాలి మిగిలి ఉండేది. అదీ ఆవిరైపోయింది.

రెండో వరసలోంచి చెల్లెమ్మ లేచింది. తొందరపడలేదు. వేదిక ఎక్కి తన బొటనవేలిని ఆ ముద్ర మీద ఆనించింది. పెద్దవాళ్ల చెప్పులో పసిపిల్ల పాదంలా ఉంది.

"ఇప్పుడు మీరు పెట్టండి," అంది.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం పాత పద్ధతి. మావాడు జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

"పెట్టండి. అందరూ చూస్తున్నారు."

"చెయ్యి నొప్పిగా ఉంది."

"ఏ చెయ్యి?" అని పెద్ద పంతులమ్మ అడిగింది.

"రెండూనండీ."

హాలు గొల్లుమంది. పెద్ద పంతులమ్మ మాత్రం నవ్వలేదు. పెట్టె బాగుంటే గది ఇస్తానన్నాను, పెట్టె బాగుంది, మాట తప్పను అంది. అయితే తాళంచెవి తీసి చెల్లెమ్మ చేతిలో పెట్టింది. ఆయన్ను ఎప్పుడు లోపలికి రానివ్వాలో నువ్వే చూసుకో అమ్మా అంది.

మర్నాడే తొట్లూ సీసాలూ ఆ గదికి చేరాయి. స్నానాలగది మళ్లీ స్నానాలగది అయింది. చెల్లెమ్మ తలుపుకు తాళం వేసి, ఆ ముద్ర తనదేనని వాడు నలుగురిలో ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, తాళంచెవి ఇచ్చేస్తానంది. ఒక్క మాట. దానికి ఆసిడ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఇంతవరకూ వాడి నోటినుంచి అది ఊడిపడలేదు. సాయంత్రాలు దుకాణం నుంచి వస్తూ హాలు వెనక్కి వెళ్లి, కిటికీ ఊచలు పట్టుకుని, లోపల దుమ్ము కొట్టుకుపోతున్న తన తొట్లను చూసుకుని ఇంటికి పోతుంటాడు.

ఇదంతా రాసి, వాడిని ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించాను. చెల్లెమ్మ, నా భార్య కూడా అక్కడే ఉన్నారు. ఇప్పుడు అనేయరా, తాళంచెవి నేనే ఇప్పిస్తానని చెప్పాను. వాడు తాపీగా కాఫీ పూర్తిచేసి, కప్పు కింద పెట్టాడు.

"ఏ ముద్ర? ఏ పెట్టె? నేనసలు ఆ సభకే రాలేదు. అల్యూమినియం జన్మలో ముట్టుకోలేదు. నాకు ఆసిడ్ వాసనే పడదు. ఇది మొత్తం నీ కల్పన బావా. ఆ మాటకొస్తే, నువ్వు మా బావవని కూడా నేనెక్కడా ఒప్పుకోలేదు."