ఇరవై మూడు గంటల యాభై రెండు నిమిషాలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దుమ్మునే నమ్మాను, దానికైతే తూకం ఉంటుంది. కృష్ణపట్నం బొగ్గు రేవు దగ్గరి ఊళ్లలో గాలిలోని దుమ్మును మిషనుతో పట్టి కొలవడం నా ఉద్యోగం. గాలి తిరుగుళ్లకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటేనని మా ఆవిడ అంటుంది.

మిషను పోలమ్మక్క మిద్దె మీద ఉండేది. ఎండబెట్టిన చేపల మీద బొగ్గు దుమ్ము పడుతోందని ఫిర్యాదు పెట్టింది ఆమే. చివరి నమూనా ఒక్కటే మిగిలింది. మిషను రోజంతా ఆడితేనే అది చెల్లుతుంది. లేకపోతే విచారణ మరో నెల వెనక్కి.

ఆ సోమవారం పొద్దున పదికి కొత్త ఫిల్టరు కాగితం పెట్టి, మీటరు సున్నాకు తిప్పి, మిషను తలుపుకు సీలు వేశాను. తర్వాత మావాళ్లెవరూ బయటికి చెప్పుకోని పని ఒకటి చేశాను. మర్నాడు రిజిస్టరులో రాయాల్సిన వరుస అప్పుడే నింపేశాను. సరిగ్గా ఇరవై నాలుగు గంటలంటే పైవాళ్లకు అనుమానం. అందుకని కాస్త వంకరగా, ఇరవై మూడు గంటల యాభై రెండు నిమిషాలని రాసి సంతకం పెట్టాను. అబద్ధానికైనా నాణ్యత ఉండాలని నా పట్టింపు.

మంగళవారం పదికి వెళ్తే ఊళ్లో కరెంటు లేదు.

"నిన్న నువ్వట్టా పోయినావు, ఇట్టా స్తంభం పడింది అబ్బయ్యా. ఫ్యాను లేక ఉడికిపోయినాం," అంది పోలమ్మక్క.

పరుగున మిద్దెక్కాను. సీలు చెక్కుచెదరలేదు. ఆ మిషనుకు బ్యాటరీ లేదు. ఆ వీధిలో జనరేటరు లేదు. తలుపు తీస్తే మీటరు మీద ఇరవై మూడు గంటల యాభై రెండు నిమిషాలు. కాగితం మీద నల్లగా, గుండ్రంగా, రోజూ పడేంత దుమ్ము.

నిజం చెప్పాలంటే భయం కంటే ఉత్సాహమే ఎక్కువ. మూడు ఫోటోలు తీశాను. కిందికి దిగి లైన్‌మన్‌ని అడిగాను. స్తంభం పడింది సోమవారం పదింపావుకేనని అతనూ చెప్పాడు.

నోరు మూసుకుంటే నమూనా చెల్లేది. మూసుకోలేకపోయాను. రాసిన వరుస మీద ఒక్క గీత గీసి, పక్కన ఉన్నదున్నట్టు రాశాను.

"మీటరు అబద్ధమా, ఊరు అబద్ధమా?" అని మా ఆఫీసరు గారు అడిగారు.

"ముందు నేను సార్," అన్నాను.

నమూనా కొట్టేశారు. ఆ సంగతి పోలమ్మక్కకు నేనే చెప్పాల్సి వచ్చింది. "దుమ్ముకు కరెంటెందుకు అబ్బయ్యా, నీ మిషనుకు గదా కావాల్సింది," అంది. "సర్లే, ఇంకో నెల తింటాం."

మిషను విప్పి చూశారు. లోపం దొరకలేదు. కారణం అన్న గడిలో ఏదో ఒకటి రాయమన్నారు. ఇన్నేళ్లలో నా కలం ఒక గడి దగ్గర ఆగడం అదే మొదలు. చివరికి తెలియదని రాసి సంతకం పెట్టాను. ఇవాళ అడిగినా అదే రాస్తాను.