మా డ్రైవర్ మామ తప్పు కాదది

మా డ్రైవర్ మామ పోయాడన్న కబురు నాకు నంద్యాల బస్టాండులో తెలిసింది. శనివారం పొద్దున బడికి పోతుంటే, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టి పిలిచాడు.

“అమ్మా, మీ నాయన పికప్ బండి తోలుతాండె సాయిబు ల్యాడూ, నిన్న తెల్లారుజామున పాయ. గుండెనొప్పంట.”

నేను నోరు తెరిచేలోగా తనే మళ్లీ అన్నాడు: “మంచోడు పాపం. ఊర్లో అందరికీ స్టెప్నీ గురించి, గొలుసు గురించి బుద్ధులు సెప్పి, ఆయప్పే గొలుసు మర్సిపోయి సెయ్యి పోగొట్టుకున్న్యాడు. రాత!”

బస్సు వెళ్లిపోయింది. నేను బడికి వెళ్లి పిల్లలకు పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. కండక్టరు అన్న ఆ చివరి మాటే చెవిలో ఉండిపోయింది, ఎందుకంటే అది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఆళ్లగడ్డలో డ్రైవర్లందరూ నాలుగేళ్లుగా నమ్ముతున్నారు. అసలు సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే అనుకుంటూ వచ్చాను: మామ, ఒక శిల్పి, నేను. మామ ఇక చెప్పలేడు. శిల్పి మామకు మాటిచ్చాడు. ఇక మిగిలింది నేను.

మా నాయన ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఊళ్లకు చేరవేసేవాడు. అందుకు ఒక పాత పికప్ బండి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బళ్లలో ఒకటి. దాన్ని మొదటి రోజు నుంచీ తోలింది మామే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. శుక్రవారం నమాజుకు పోయేముందు, తెల్ల చొక్కా ఇంకా వేసుకోకముందే, బండి కిందికి దూరి స్టెప్నీని దించేవాడు. వెనకాల బండి అడుగున వేలాడే ఆ ఐదో చక్రం అంటే ఆయనకు అంత పట్టింపు. దాన్ని నిలబెట్టి చెక్క సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. గాలి సరిగ్గా ఉంటే ఒక మోత, తగ్గితే ఇంకో మోత. రబ్బరు మీద గోటితో గీరి పగుళ్లు వెతికేవాడు. గాలి ఎక్కించే మూతి మీద ఉమ్మి రాసి బుడగలు వస్తున్నాయేమోనని చూసేవాడు. వేలాడదీసే బోల్టుకు గ్రీజు పూసేవాడు. తుప్పు పట్టిన బోల్టు అవసరానికి ఊడిరాకపోతే, స్టెప్నీ ఉన్నా లేనట్టే అనేవాడు.

“నాలుగు సక్రాలు మనల్ని మోస్తాయి పాపా. ఈ ఐదోదాన్ని మనం మోయాల. అది మనల్ని మోసే దినం సెప్పి రాదు.”

ఇంటర్ అయ్యాక ఏడాది పాటు నన్ను పై చదువుకు పంపకుండా నాయన ఇంట్లో ఉంచాడు. ఆ ఏడాది నేను కాలుగాలిన పిల్లిలా బండి పెట్టే షెడ్డుకూ ఇంటికీ తిరిగేదాన్ని. ఒకరోజు మామ స్టెప్నీ మీద పగులు చూపించి, “పని ల్యాకుండా పడుండేదే బేగా సెడిపోతాది. ఎండ తింటాది, వాన తింటాది, ఊరికే పగుల్తాది. నీమాదిరే,” అన్నాడు. నేను మూతి ముడుచుకుంటే పకపకా నవ్వాడు. ఆ సాయంత్రమే నాయన దగ్గరికి పోయి ఏం మాట్లాడాడో తెలియదు. జూన్‌లో నన్ను అనంతపురం కాలేజీలో చేర్చారు. నాయన ఒకటే షరతు పెట్టాడు: “నీ సదువు వల్ల ఎవురి పనికన్నా సెరుపు జరిగిందో, ఆ పొద్దే ఇంట్లో కూసోబెడ్తా.”

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. నా చివరి సంవత్సరం పరీక్షలు. సెలవులకు ఇంటికి వచ్చిన నేను మరుసటి రోజు అనంతపురంలో పరీక్ష కోసం ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయి రైలెక్కాలి. ఆ పొద్దే గోస్పాడు దగ్గరి ఒక పల్లెకు అమ్మవారి విగ్రహం పోవాల్సి ఉంది. నన్ను ముందు స్టేషనులో దించి, తర్వాత విగ్రహం తీసుకుపోవాలని మాట.

రాతి విగ్రహం బండి కుదుపులకు బీటలు వారకుండా, కింద పనికిరాని టైరొకటి పడుకోబెట్టి, దాన్నిండా వరిగడ్డి కూరి, దాని మీద విగ్రహాన్ని ఆనించడం ఆళ్లగడ్డ శిల్పుల పద్ధతి. ఆ పొద్దు పాత టైరు కనిపించలేదు. ఎవరో పట్టుకుపోయారు. వెతకడానికి మనిషిని పంపుతామన్నాడు విగ్రహంతో రావలసిన శిల్పి. నా రైలు పోతుందని నా భయం.

“స్టెప్నీ ఉంది గదా మామా, అదే వెయ్యి,” అన్నాను.

“అది అడుగుకు పోతే అమ్మవారు దిగేదాకా మనకు దక్కదు పాపా. దించాలంటే ఆరుగురు గావాల.”

“ఇరవై ఐదు మైళ్లకు ఏమైతుంది? ఊరికే భయపడతావు. నా పరీక్ష పోతే నువ్వు రాస్తావా?”

యజమాని కూతురిని. ఆ గొంతుతోనే అన్నాను. మామ ఒక్క క్షణం నా ముఖం చూసి, బండి కిందికి దూరాడు. స్టెప్నీ అడుగుకు పోయింది. విగ్రహం కదలకుండా కట్టడానికి మామ గొలుసు కూడా పోయింది. ఆ గొలుసు దేనికో చెప్పాలి. మా బండి చక్రాలకు టైరును పట్టి ఉంచే ఇనుప రింగు ఒకటి ఉండేది. గాలి కొట్టేటప్పుడు అది సరిగ్గా కూర్చోకపోతే తుపాకీ గుండులా లేస్తుంది. అందుకని మామ చక్రానికి గొలుసు చుట్టందే పంపు ముట్టేవాడు కాదు. అంతే కాదు, సగం గాలి కొట్టి, వదిలేసి, రింగును చూసుకొని, మళ్లీ మొదటి నుంచి కొట్టేవాడు.

సగం దారిలో వెనక చక్రం పంచరయింది. చుట్టూ చేలు, ఒక్క మనిషి లేడు. మామ దిగాడు. నన్ను దెప్పకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, ట్యూబుకు ప్యాచి వేశాడు. నన్నూ శిల్పినీ దూరంగా నిలబెట్టి పంపు కొట్టసాగాడు. సగం గాలి పట్టింది. వదిలేయడానికి వంగాడు.

“మళ్లీ మొదట్నుంచా? మామా, నీకు దండం పెడతా, కొట్టెయ్యి! రైలు పోతుంది!”

శిల్పి, “ఆయప్పను తొందర పెట్టొద్దు తల్లీ,” అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. మామ నావైపు చూశాడు. గాలి వదల్లేదు. పంపు మళ్లీ అందుకున్నాడు.

ఆ చప్పుడు గురించి రాయలేను. రింగు ఆయన కుడి మోచేతిని తాకి చేలో పడింది.

నన్ను క్షమించండి, తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కాసేపటికి కడప నుంచి నంద్యాల పోయే బస్సు వచ్చింది. కాస్త ఓపిక పట్టి ఉంటే అందులోనే పోయేదాన్ని. మామ రోడ్డు పక్కన కూర్చుని, చేతిని తువ్వాలులో పెట్టుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

“ఎక్కు.”

“నేను పోను మామా, నువ్వు కూడా ఎక్కు.”

“బండిని, అమ్మవారిని ఇడిసిపెట్టి యాడికి వస్తా? ఈయప్ప ఉన్న్యాడు, సూసుకుంటాడు. ఎక్కమంటాండా! మీ నాయన అడిగితే నీకేం తెలీదు. నేనే గొలుసు మర్సిపోయినా. పరీచ్చ రాసిరా పో.”

నేను ఎక్కాను. రైలు అందింది. పరీక్ష రాశాను, పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది. మామ చేయి వంగినది వంగినట్టే అతుక్కుంది. స్టీరింగు తిప్పలేకపోయాడు. నాయన ఆయన్ని తిట్టి, జాలిపడి, షెడ్డులోనే కాపలాకు పెట్టాడు. కుర్ర డ్రైవర్లు ఆటపట్టించేవారు: “ఏం మామా, ఈ పొద్దన్నా గొలుసు గుర్తుండాదా?” మామ నవ్వి, ఎడమ చేత్తో వంగిన చేయి పైకెత్తి చూపించేవాడు. “నన్ను జూసన్నా మీరు మర్సిపోవద్దు నాయనా.” తనది కాని తప్పును కూడా వాళ్లకు పాఠం చేశాడు.

ఉద్యోగం వచ్చాక ఒకసారి, నాయనకు నిజం చెబుతానన్నాను. “నీ ఇష్టం పాపా,” అన్నాడు. వద్దనలేదు. నేను మాత్రం వద్దన్నట్టే తీసుకున్నాను, ఎందుకంటే నాకు అదే సుఖంగా ఉంది.

శనివారం సాయంత్రం ఆళ్లగడ్డ చేరి నాయనకు చెప్పాను. ఆయన, “నాలుగేండ్లు నా యెదుట తల వంచుకోని నిలబడినాడే,” అన్నాడు. చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్లిపోయాడు. ఆదివారం పొద్దున షెడ్డులో డ్రైవర్లందరి ముందూ చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు బీడీ కింద పడేసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత మామ ఇంటికి వెళ్లాను. మూడో నాటి ఫాతెహా ప్రార్థన అయ్యి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. పెరట్లో అత్త ఒక్కతే ఉంది. ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చెప్పబోతే చేయెత్తి ఆపింది.

“తెలుసు పాపా. ఆ పొద్దే సెప్పినాడు నాకు. నీ పరీచ్చలు అయ్యేదాకా నోరిప్పొద్దన్న్యాడు. అయిపోయినాక నువ్వే వచ్చి నలుగుర్లో సెప్తావని సూస్తాంటిమి.”

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆమె లేచి దండెం దగ్గరికి పోయింది. మామ తెల్ల చొక్కాలు నాలుగు ఉతికి ఆరేసి ఉన్నాయి. అన్నిటికీ కుడి చేయి ఎడమ చేయి కంటే జానెడు పొట్టి. వంగిన చేతికి అడ్డం పడకుండా తనే కత్తిరించి కుట్టింది.

“ఎవురికన్నా ఇద్దామని ఉతికినా,” అంది ఒక చొక్కా అంచు పట్టుకుని. “ఎవురికి సరిపోతాయి పాపా ఇవి?”

గాలి వచ్చింది. పొడుగు చేతులు నాలుగూ ఒక్కసారే లేచాయి. పొట్టివి కొంచెం కదిలి, అక్కడే ఆగిపోయాయి.