కెప్టెన్ ఉజ్వల వెనక సీటు

విమానం కంపెనీది. అందులో పోసే ఇంధనం కంపెనీది. ఆఖరికి కెప్టెన్ నెత్తిమీద టోపీ కూడా కంపెనీ ఇచ్చిందే. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక, గోడకి మడిచిపెట్టి ఉండే బుల్లి సీటు ఒక్కటే కెప్టెన్ మాట మీద నడుస్తుంది. దాన్ని జంప్‌సీట్ అంటారు. డ్యూటీకి పోవాల్సిన పైలట్లు, డ్యూటీ దిగి ఇల్లు చేరాల్సిన పైలట్లు, ఏ కంపెనీ వాళ్ళైనా సరే, అందులో టికెట్ లేకుండా వెళ్ళొచ్చు. అయితే దానికో మర్యాద ఉంది. గేటు దగ్గర పేరు రాయించుకుంటే చాలదు. కాక్‌పిట్ తలుపు దాకా వచ్చి, తనెవరో చెప్పుకుని, "కెప్టెన్, నన్ను ఎక్కించుకుంటారా?" అని నోరు తెరిచి అడగాలి. సరేనంటే కూర్చోవాలి. కాదంటే ఎందుకని అడక్కుండా వెనక్కి తిరగాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పెద్ద పైలట్లు చిన్న పైలట్లకి నేర్పే పాఠం ఇది.

ఉజ్వల అలాంటి సీటు నమ్ముకుని బతికే మనిషి. ఇల్లు డాలస్ పక్కన కాపెల్‌లో, డ్యూటీ మొదలయ్యేది చికాగోలో. వారం వారం ఎవరో ఒక కెప్టెన్ తలుపు దగ్గర నిలబడి అడిగితే గానీ ఆమెకి ఉద్యోగం లేదు. డాక్టర్ దక్షిణామూర్తిగారి కూతురై ఉండి ఈ డ్రైవర్ ఉద్యోగం ఏమిటని కాపెల్ పుట్టినరోజు పార్టీల్లో ఆంటీలు ఇప్పటికీ జాలిపడుతుంటారు. వాళ్ళ అబ్బాయిలు ఉద్యోగాలు పోగొట్టుకుని లింక్డిన్‌లో ఏడుస్తుంటే వాళ్ళకి జాలి రాదు, అది వేరే సంగతి. ఆమె పైలట్ల యూనియన్‌లో సభ్యురాలు. సభ్యురాలు మాత్రమే కాదు, చికాగో పైలట్ల తరఫున కంపెనీతో మాట్లాడే ప్రతినిధి కూడా. మెడలో ఐడీ కార్డు తాడుకి యూనియన్ బిళ్ళ ఎప్పుడూ వేలాడుతుంటుంది. కెప్టెనయ్యాక జంప్‌సీట్ అడిగిన వాళ్ళని ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆ మధ్యాహ్నం చికాగో నుంచి డాలస్ వెళ్ళే విమానం కిటకిటలాడుతోంది. డాలస్‌లో పొద్దుటి నుంచి ఉరుములూ వానా. ముందు వెళ్ళాల్సిన విమానాలన్నీ రద్దయ్యి, ఆ జనమంతా దీని మీద పడ్డారు. ఉజ్వల సీట్లో కూర్చుని, పక్కనున్న కోపైలట్ బ్రయాన్‌తో వాతావరణం గురించి మాట్లాడుతుండగా వెనక తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కెప్టెన్, నా పేరు లక్ష్మీపతి. కార్గో విమానాలు నడుపుతాను. మీతో డాలస్ రావచ్చా?" అని ఇంగ్లిషులో అడిగాడు.

ఉజ్వల వెనక్కి తిరిగింది. ఆయన ఆమె మొహం చూశాడు. చేతిలో పట్టుకున్న లైసెన్సు అలాగే ఉండిపోయింది. కెప్టెన్ ఎవరో తెలియకుండా వచ్చి ఉంటాడు. తెలిస్తే గేటు దగ్గరికే వచ్చేవాడు కాదు.

ఆమె వెంటనే గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోవడం ఎలా కుదురుతుంది? ఆమె తొలి ఉద్యోగం ప్రెయిరీ అనే చిన్న కంపెనీలో. అక్కడ ఆమెకి దొరికిన ఒకే ఒక్క తెలుగు మనిషి లక్ష్మీపతి అంకుల్. గాలి పక్కనుంచి కొడుతున్నప్పుడు విమానం ఎలా దించాలో చేయి పట్టి నేర్పింది ఆయనే. ఆయన భార్య కృష్ణకుమారి ఆంటీ, ఉజ్వల ట్రిప్పుకి వెళ్తోందంటే పులిహోర డబ్బా కట్టి పంపేది. అమ్మ లేని పిల్లవి, నీ కాన్పు నేను చేస్తానని మాట కూడా ఇచ్చింది.

తర్వాత ప్రెయిరీలో సమ్మె వచ్చింది. ఏడో నెల కడుపుతో ఉజ్వల మంచులో నినాదం రాసిన అట్ట పట్టుకుని టెర్మినల్ ముందు తిరిగింది. ఆమె భర్త సిద్ధార్థ్ కారులో కూర్చుని, వచ్చిపోయే వాళ్ళందరికీ ఫ్లాస్కులో టీ పోశాడు. ఒక పొద్దున కంపెనీ వ్యాను ఒకటి వాళ్ళ మధ్యలోంచి లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కన యూనిఫాం వేసుకుని, తల దించుకుని కూర్చున్నది లక్ష్మీపతి. ఆయన వెళ్ళాడని తెలిసి ఇంకొందరు వెళ్ళారు. సమ్మె విరిగింది. కంపెనీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఉజ్వల చంటిపిల్లతో రెండేళ్ళు ఉద్యోగం లేకుండా ఉంది. కృష్ణకుమారి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆమె ఎత్తలేదు.

సమ్మె దాటి లోపలికి పోయినవాణ్ణి ఈ దేశపు పైలట్లు స్కాబ్ అంటారు. అది బూతుమాట కంటే హీనం. వాళ్ళతో కలిసి భోంచెయ్యరు, పలకరించరు, జంప్‌సీట్ అసలే ఇవ్వరు. ఆ పేర్లు కొత్తగా చేరిన కుర్రాళ్ళకి కూడా కంఠతా వచ్చు. పేరు వినగానే బ్రయాన్ భుజాలు బిగుసుకోవడం ఉజ్వల ఓరకంట చూసింది.

"నో" అంది.

లక్ష్మీపతి ఒక్క క్షణం కూడా నిలబడలేదు. "థాంక్యూ కెప్టెన్" అని తల వంచి వెళ్ళిపోయాడు.

బ్రయాన్ సంతోషంగా తలాడించాడు. ఉజ్వల చెక్‌లిస్ట్ చేతిలోకి తీసుకుంది గానీ ఒక్క అక్షరం తలకెక్కలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. అనేశాక ఏదో హాయిగా ఉంటుందనుకుంది, నోరు చేదుగా ఉంది అంతే.

తలుపు మూసే వేళ గేటు ఏజెంట్ రష్మి కాగితాలు పట్టుకుని వచ్చింది. రష్మి గుజరాతీ ఆవిడ, ఎవరికీ భయపడదు.

"కెప్టెన్, ఆ పెద్దాయన్ని వద్దన్నారట. మీ ఇష్టం, నేను అడగను. కానీ ఆయన మీకు చెప్పాడా, లేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆయన భార్యకి డాలస్‌లో గుండె ఆపరేషన్. ఈ సాయంత్రమే చెయ్యాలట. ఆయన వస్తే గానీ సంతకం పెట్టనని ఆవిడ కూర్చుందట. కూతురు ఫోన్లో ఏడుస్తుంటే గేటు దగ్గర అందరం విన్నాం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్తున్నారట. దీని తర్వాత రాత్రి దాకా ఒక్క సీటు లేదు."

ఉజ్వలకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ఆ ముక్క తలుపు దగ్గరే చెప్పొచ్చు కదా! కానీ జంప్‌సీట్ అడిగేవాడు కష్టాలు చెప్పుకుని కెప్టెన్‌ని ఇరకాటంలో పెట్టకూడదు. ఆ మర్యాద ఆమెకి నేర్పింది కూడా ఆయనే. అంత పెద్ద గీత దాటిన మనిషి ఈ చిన్న గీత దగ్గర ఆగిపోయాడు.

"పిలవండి ఆయన్ని" అంది.

బ్రయాన్ ఆమె వైపు తిరిగాడు. "కెప్టెన్, మీరు యూనియన్ ప్రతినిధి. రేపు చికాగోలో అందరూ అడుగుతారు."

"అడగనీ. నేనే చెప్పుకుంటాను."

లక్ష్మీపతి వచ్చి, మడత సీటు దించుకుని, పట్టీలు బిగించుకున్నాడు. విమానం లేచింది. పైకి ఎక్కేదాకా పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. మేఘాల మీదికి వచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. బ్రయాన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ చిన్న గదిలో ఉజ్వల వీపు వెనక లక్ష్మీపతి ఊపిరి వినిపిస్తోంది.

చాలాసేపటికి ఆమే తెలుగులో అడిగింది. "ఎందుకు వెళ్ళారు అంకుల్? ఆ రోజు. వ్యాన్‌లో."

"సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉండిందమ్మా ఆ నెలలో. స్ట్రైక్ చేస్తే రిజెక్ట్ చేస్తారని గుడి దగ్గర ఎవరో అన్నారు."

"అది నిజం కాదు. స్ట్రైక్ లీగల్."

"తర్వాత తెలిసింది."

"యూనియన్‌లో లాయర్ ఉన్నాడు కదా! నన్ను అడిగితే ఒక ఫోన్ కాల్ చేసేదాన్ని. ఎవరో చెప్తే నమ్మేశారు, నన్ను మాత్రం అడగలేదు."

"అడిగితే భయపడుతున్నానని నీకు తెలిసిపోతుందిగా" అన్నాడు లక్ష్మీపతి. "వీసా రోజుల నుంచీ అదే అలవాటు ఉజ్వలా. తల దించుకో, దేంట్లోనూ పేరు పెట్టకు, ఎవర్నీ ఏమీ అడక్కు. గ్రీన్‌కార్డ్ వచ్చినా పోలేదు."

ఆ జవాబుకి ఆమెకి కోపం తగ్గలేదు. ఇంత చిన్న భయానికా తమ బతుకులన్నీ అంతలా చెదిరిపోయాయని ఇంకా పెరిగింది.

డాలస్ దగ్గరపడుతుండగా కంట్రోల్ వాళ్ళు ఆగమన్నారు. విమానాశ్రయం మీద ఉరుముల మేఘం కూర్చుంది, అది జరిగేదాకా గాల్లోనే చుట్లు కొట్టమన్నారు. ఒక చుట్టు అయింది. ఇంకొకటి అయింది. రాడార్ తెర మీద ఎరుపు కదలడం లేదు. ఇంధనం ముల్లు మాత్రం కదులుతోంది.

"ఇక ఓక్లహోమా సిటీకి తిప్పాలేమో" అన్నాడు బ్రయాన్.

ఉజ్వలకి తెలుసు. అయినా వెనక కూర్చున్న మనిషి, ఆస్పత్రిలో మొండికేసి కూర్చున్న ఆంటీ కళ్ళ ముందు మెదిలారు. గేటు దగ్గర తను వద్దన్న ఆ కాసేపే ఇప్పుడు అడ్డం తిరిగిందేమో అనిపించింది.

"ఇంకొక్క రౌండ్" అంది. "మేఘం తూర్పుకి పోతున్నట్టుంది."

బ్రయాన్ లెక్క చూసి పెదవి కొరుక్కున్నాడు. "అయితే ఆ తర్వాత ఓక్లహోమాకి తిప్పడానికి ఇంధనం చాలదు."

"ఒక్కటే."

అప్పుడు వెనకనుంచి చేయి వచ్చి ఆమె సీటు అంచు మీద పడింది.

"వద్దు కెప్టెన్. నీ లెక్క నా కోసం మారుతోంది. వెనక ఇంతమంది జనం ఉన్నారు. ఓక్లహోమాకి తిప్పు."

"అంకుల్, ఆంటీ..."

"తెలుసు. తిప్పమ్మా."

ఉజ్వల కంట్రోల్‌కి చెప్పి విమానం ఉత్తరానికి తిప్పింది. బ్రయాన్ మొదటిసారి వెనక్కి తిరిగి ఆ ముసలాయన మొహంలోకి చూశాడు.

ఓక్లహోమా సిటీలో దిగి, ఇంజన్లు ఆపేసరికి అక్కడా వాన పట్టుకుంది. ఇంధనం నింపాలి, డాలస్ దారి తెరుచుకోవాలి. ఎప్పటికో చెప్పేవాళ్ళు లేరు. కారు తీసుకుని వెళ్ళినా చేరేసరికి చీకటి పడుతుంది. లక్ష్మీపతి ఫోన్ తీసి కూతురికి చేశాడు. వేద ఎత్తీ ఎత్తగానే, "నాన్నా, డాక్టర్ ఈజ్ వెయిటింగ్. అమ్మ వినట్లేదు" అని ఏడ్చింది.

"అమ్మకి ఇవ్వు... కుమారీ, నేను రాలేను. సంతకం పెట్టెయ్యి. నా మాట విను. భయపడకు."

అవతల ఆవిడ ఏదో అంది. ఆయన మళ్ళీ బతిమాలాడు. మళ్ళీ అంది. ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "వినట్లేదు" అన్నాడు పసిపిల్లవాడిలా.

ఉజ్వల చేయి చాపి ఫోన్ అందుకుంది.

"ఆంటీ, నేను ఉజ్వల."

అవతలనుంచి నీరసంగా, "ఏ ఉజ్వల? మన ఉజ్వలేనా?"

"అవును ఆంటీ. అంకుల్ నా ఫ్లైట్‌లోనే ఉన్నారు. స్టార్మ్ వల్ల ఓక్లహోమాలో దిగాం. ఇంకా లేట్ అవుతుంది. మీరు ప్లీజ్, సైన్ చెయ్యండి."

"ఆయన్ని నువ్వు ఎక్కించుకున్నావా?"

అవునని ఒక్క మాటతో తేల్చెయ్యొచ్చు. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషికి అంతకంటే ఎందుకు? కానీ ఆ గొంతుకి ఉజ్వల అబద్ధం చెప్పలేకపోయింది.

"ఫస్ట్ నో చెప్పాను ఆంటీ. వెళ్ళిపోయారు. తర్వాత నేనే పిలిచాను."

కృష్ణకుమారి ఊపిరి బరువుగా వినిపించింది.

"నాకు చావంటే భయం లేదు తల్లీ. ఇన్నేళ్ళలో మా గుమ్మం ఒక్క పైలట్ తొక్కలేదు. నేను పోతే ఈయన ఒంటిగాడు. కష్టమొస్తే ఎవర్నీ అడగడు, అడిగినా రానిచ్చేవాళ్ళు లేరు. అలా వదిలేసి లోపలికి ఎలా పోను చెప్పు? ఒకసారి చూసి, నాలుగు మాటలు చెప్పి పోదామని కూర్చున్నా."

ఉజ్వల కళ్ళు మూసుకుంది. "నేను మర్చిపోలేదు ఆంటీ. నాకు ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ. ఎందుకుండదు? నేనైనా అంతే. కోపం ఉండి కూడా ఎక్కించుకున్నావుగా. నాకది చాలు." తర్వాత గొంతు పక్కకి తిరిగింది. "వేదా, ఆ పెన్ను ఇలా ఇవ్వు."

ఫోన్ తిరిగి ఇస్తుంటే లక్ష్మీపతి, "ఏమంది?" అని అడిగాడు.

"సైన్ చేస్తున్నారు" అంది ఉజ్వల. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాల్లేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఆయన మోకాలి మీద వేసింది. డాలస్ దారి తెరుచుకుందని కబురు వచ్చేదాకా తియ్యలేదు.