ఇసుక తిన్నె మీద మా అత్తగారి చీర

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. మనవరాలు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. రాయడం వచ్చింది గనక ముందుగా ఈ సంగతే రాస్తున్నాను. మా ఊళ్ళో దీన్ని ఇప్పుడు మగవాళ్ళు తమ తెలివిగా చెప్పుకుంటున్నారు.

మాది గోదావరి సముద్రంలో కలిసేచోట చేపలు పట్టుకుని బతికే ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఖాతం. ఖాతానికి అవతల కాకినాడ రేవు కనిపిస్తుంది. గాలివాన వచ్చేలా ఉంటే రేవులోని జెండాకొయ్య మీదికి నల్లగా, గుండ్రంగా ఒకటి ఎత్తేవారు. మేం దాన్ని బుట్ట అనేవాళ్ళం. చేపలు అమ్మడానికి పడవ మీద వెళ్ళినప్పుడు అక్కడి కాపలా మనిషిని అడిగాను.

“దూరాన సముద్రం మీద గాలి లేస్తే తంతి మీద కబురొస్తుందమ్మా. రాగానే ఎత్తుతాం.”

“ఎత్తితే తప్పకుండా వస్తుందాండి?”

“రావచ్చు, పక్కకి పోవచ్చు. వచ్చాక ఎత్తితే ఎవరికి లాభం?”

ఆ మాట నాకు నచ్చింది. మా ఊరికి నచ్చలేదు. ఒకసారి బుట్టను చూసి మగవాళ్ళు వేట మానుకుంటే ఆ రోజంతా ఎండ కాసింది. అప్పట్నుంచి ఆ బుట్ట పేరెత్తితే నవ్వేవాళ్ళు.

తర్వాతి కార్తీకంలో ఒకరోజు నా భర్త, మరిది ఒక తెప్ప మీద వేటకు వెళ్ళారు. ఊళ్ళోని తెప్పలన్నీ వెళ్ళాయి. సముద్రం నూనె పోసినట్టు ఉంది. నేను చేపలు కడగడానికి ఖాతం వైపు వెళ్ళేసరికి రేవులో బుట్ట ఎత్తి ఉంది. సముద్రం మీద ఉన్నవాళ్ళకు మడ అడవి అడ్డం. వాళ్ళకది కనిపించదు.

మాలో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఇసుక తిన్నె మీద గెడకు తెల్లగుడ్డ కడతారు. అది చూస్తే వేటలో ఉన్నవాళ్ళు వల ఎత్తుకుని వచ్చేస్తారు. పోయింది ఎవరింట్లోనో అంత దూరానికి తెలియదు గనక అందరూ వస్తారు. చావు లేకుండా ఆ గుడ్డ ఎత్తితే చావును పిలిచినట్టే.

దండెం మీద మా అత్తగారి తెల్లచీర ఆరుతోంది. లాగాను.

“ఏంటే ఆ పని?”

“బుట్ట ఎత్తారత్తా. వాళ్ళని పిలవాలి.”

“అందరూ బతికున్న ఇంటికి తెల్లగుడ్డ కడతావా? అదీ నా చీరే దొరికిందా?”

నేను చీర పట్టుకుని తిన్నె ఎక్కాను. ఆవిడ తిడుతూనే వెనకాల వచ్చింది. నేను గెడకు కట్టిన ముడి చూసి, “ఇది గాలికి ఆగుతుందా?” అని విప్పి, తనే బిగించింది.

తెప్పలు ఒడ్డుకు తిరిగాయి. అందరికంటే ముందు నా భర్త పరుగెత్తుకొచ్చాడు.

“ఎవరే? ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. బుట్ట ఎత్తారు.”

“మొగుడు బతికుండగా తెల్లగుడ్డ కడతావా! ఏం పిల్లవమ్మా నువ్వు!” అన్నాడొక పెద్దాయన. “వల నిండే వేళ అందరం వచ్చేశాం.”

“గాలి రాకపోతే తిట్టండి, పడతాను. మీరు నీళ్ళ మీదుండగా వస్తే తిట్టడానికి మీరుండరు.”

కొందరు మళ్ళీ తెప్పలు నీళ్ళలోకి తోయబోయారు. మా అత్తగారు వెళ్ళి ముందున్న తెప్ప మీద చతికిలబడింది.

“చచ్చింది నేనేరా. నన్ను పాతిపెట్టి వెళ్ళండి.”

మరిది నవ్వాడు. నా భర్త నవ్వలేదు, అలాగని తెప్పనూ తోయలేదు. ఆవిడను లేపమని ఒకరికొకరు చెప్పుకుంటుండగానే ఈశాన్యం నల్లబడింది. గాలి లేకుండానే అలలు పెద్దవయ్యాయి. అది చూశాక తెప్పలు పైకి లాగి కట్టి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని మెరక మీదున్న, ఉప్పు నిలవచేసే కొటారులోకి వెళ్ళాం.

ఆ రాత్రి గాలివానకు మా గుడిసెలు పోయాయి. గెడ పోయింది, చీరా పోయింది. మనుషులందరం మిగిలాం.

“ఉన్న మంచి చీర పోగొట్టింది మీ ఆవిడ,” అని మా అత్తగారు కొడుకు దగ్గర చాలా రోజులు సణిగింది. ఆయన రేవు నుంచి ఆవిడకు కొత్త తెల్లచీర తెచ్చాడు. దాంతోపాటు ఒక ఎర్రగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“బుట్ట ఎత్తితే ఇది కట్టు. తెల్లది మాత్రం ముట్టుకోకు. ఆ రోజు ఒడ్డుకొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.”

ఆ ఎర్రగుడ్డ చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది. ఎత్తినప్పుడల్లా గాలివాన వచ్చిందని కాదు. రాని రోజుల్లో మగవాళ్ళు తెప్పలు లాగుతూ నన్ను తిట్టేవాళ్ళు. తిట్టడానికైనా అందరూ ఒడ్డుకు వచ్చేవాళ్ళు.