ముందు ఆవిడ చెంచా

ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇంకా చెప్పులు వెతుక్కుంటుండగానే, ముసలి ఒక్‌సిమ్ చేతిలోంచి మందిరం బియ్యం జాడీ తాళంచెవిని సంఘ పెద్ద చోన్ గారి భార్య లాక్కుంది.

"ఒంటరి మనిషివి. ఆరుగురున్న ఇళ్ళ సంచుల కంటే నీ సంచి బరువుగా ఎలా ఉంటుంది? జాడీలోంచి తీసి, మళ్ళీ జాడీలోనే పోసి, పేరు కొట్టేస్తున్నావా?" అంది అందరికీ వినపడేలా.

తోంగ్యోంగ్ రేవులో ఆ మందిరానికి వెళ్ళే ప్రతి ఆడమనిషికీ ఆ పద్ధతి తెలుసు. వంటకు ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరునా ప్రార్థన చేసి, ఆ పేరున ఒక చెంచా బియ్యం తీసి గుడ్డ సంచిలో వేస్తారు. ఆదివారం నాడు సంచి తెచ్చి జాడీలో పోస్తారు. పొయ్యి వెలగని ఇళ్ళకు ఆ బియ్యం వెళ్తుంది. ఇంట్లో ఎందరుంటే అన్ని చెంచాలు. ఒక్‌సిమ్ ఇంట్లో ఒక్‌సిమ్ తప్ప ఎవరూ లేరు. అందుకే ఆ మాట అందరికీ నిజమే అనిపించింది. పాస్టరు గారు గోడ మీది గడియారం వైపు చూశారు. ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో ఒక్‌సిమ్ పక్కనే నిలబడి పనిచేసే ఆడవాళ్ళు కూడా తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నారు. ఒక్‌సిమ్ ఖాళీ సంచి మడిచి కోటు జేబులో పెట్టుకుని, మెట్లెక్కి కొండ మీది తన గదికి వెళ్ళిపోయింది.

పక్క గదిలో ఉండే మున్సుకు ఈ సంగతి తెలిసినప్పుడు నవ్వొచ్చింది. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకు దక్కేది ఇదే అనుకున్నాడు. అతనికి ఇంకా ముప్ఫై నిండలేదు. చలికాలం మొదట్లో తమ్ముడు కిసోక్ ఎక్కిన పడవ తిరగబడింది. మిగతా అందరి శవాలూ ఒడ్డుకు చేరాయి. కిసోక్‌ది చేరలేదు. ఆనాటి నుంచి మున్సు ఓడలు కట్టే పనికి వెళ్ళడం మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కదిలించేవాళ్ళు లేరు, ఒక్‌సిమ్ తప్ప. తెల్లవారుజాము ప్రార్థన ముగించుకుని, షెడ్డుకు వెళ్ళేలోపు వచ్చి తలుపు బాదేది.

"ఒరేయ్ మున్సూ, లేచావా?"

"చచ్చాను."

"చచ్చినవాడు బదులివ్వడురా. లే. ఇవాళ నీ పని కిటికీ తుడవడం."

"మీ దేవుడికి ఒక్కరోజైనా సెలవుండదా పెద్దమ్మా?"

"ఆయన సెలవు పెడితే నీకు తెల్లారేదా, వెధవా? కిటికీ ఒక్కటే. ఇంకేమీ చెయ్యొద్దు. చేశాక పడుకో."

ఒకరోజు కిటికీ. ఒకరోజు గోళ్ళు తీసుకోవడం. ఒకరోజు తమ్ముడి చొక్కాలు ఉతికి ఆరెయ్యడం. ఆ ముసలిదాని నోరు మూయించడానికే చేస్తున్నానని మున్సు తనకు తాను చెప్పుకునేవాడు. కానీ రోజు మొత్తంలో అతను చేసే పని అదొక్కటే. అదీ లేకపోతే, కళ్ళు తెరవడానికి కూడా కారణం కనపడేది కాదు.

ఒక తెల్లవారుజామున అతని పొయ్యిలో బొగ్గు దిమ్మ ఆరిపోయింది. నిప్పు దిమ్మ ఒకటి అడుగుదామని వెళ్తే ఒక్‌సిమ్ తలుపు ఓరగా తీసి ఉంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా బియ్యం గిన్నె, పక్కన సంచి.

"చోన్ గారి భార్యకు మోకాళ్ళ నొప్పులు తగ్గించు ప్రభువా." ఒక చెంచా.

"షెడ్డులో నా పక్కన నిలబడే మీజా కోసం, వాళ్ళాయన తాగుడు మానేలా చూడు." ఒక చెంచా.

"రేవు గట్టు మీది ముసలాయన కళ్ళకు కాస్త వెలుగియ్యి." ఒక చెంచా.

"మున్సుకు ఇవాళ్టికి సరిపడా బలమియ్యి. రేపటిది రేపడుగుతాను." ఒక చెంచా.

"కిసోక్‌కు, వాడెక్కడున్నా చలి వెయ్యకుండా చూడు." ఒక చెంచా.

ఇంకా ఎవరెవరివో పేర్లు. అన్నీ అయ్యాక గిన్నెలో మిగిలిన గింజల మీద చెంబుడు నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. అది అన్నం కాదు. జావ అనడానికి కూడా వీల్లేదు. సంచి బరువు రహస్యం మున్సుకు అప్పుడు అర్థమైంది. ఆవిడ దొంగిలించిన మాట నిజమే. తన కడుపులోంచి దొంగిలించింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"నిన్ను దొంగ అన్నదానికి చెంచా వేస్తావా? అదీ మొట్టమొదటి చెంచా!"

ఒక్‌సిమ్ ఉలిక్కిపడలేదు. "చివర్న వేద్దామంటే అప్పటికి చెయ్యి లేవదురా. ఇష్టమైనవాళ్ళ పేర్లన్నీ అయ్యాక మనసు ఇక చాల్లే అంటుంది. అందుకే ముందు ఆవిడది."

"ఆ రోజు ఈ మాట అక్కడెందుకు చెప్పలేదు?"

"ఎవరెవరి కోసం ఏడుస్తున్నానో మైకు పట్టుకుని చెప్పమంటావా? మీజా మొగుడి సంగతి కూడా ఊరంతా వినాలా?"

"కిసోక్ పేరెందుకు? పోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదని మీ పాస్టరే అంటాడట కదా."

"దొరికాడా?"

"లేదు."

"మరింకేం? దొరికేదాకా నాకు బతికున్నవాళ్ళలోనే. చలిగాలి వస్తోంది, తలుపు ముయ్యి."

నిప్పు దిమ్మ తీసుకోకుండానే మున్సు తిరిగొచ్చాడు. ఆ రోజంతా వణుకుతూ పడుకున్నాడు. తమ్ముడి పేరు అలా మామూలుగా, పొయ్యి పక్కన, ఇంకొకరి నోటి నుంచి వినడం భరించలేకపోయాడు. ఒక మనిషి తన అన్నంలోంచి తీసి అతన్ని రోజూ కొంచెం కొంచెంగా బతికిస్తోందన్నది అంతకంటే భరించలేకపోయాడు. తనంత దండగమారి సరుకు కోసం ఆవిడ ఎండిపోవడమెందుకు? మర్నాడు పొద్దున్నే రేవు గట్టు చివరికి వెళ్ళి తమ్ముడున్న చోటికే పోదామని నిశ్చయించుకున్నాడు. ఒక చెంచా అయినా ఆవిడకు మిగులుతుంది.

మర్నాడు ఒక్‌సిమ్ తలుపు బాదలేదు. గోరుతో గీకినట్టు చప్పుడైంది. తీసి చూస్తే గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"నా కాళ్ళు ఇవాళ మొండికేశాయిరా. నీ పని, ఈ సంచి గట్టు మీద వలలు బాగుచేసే ముసలాయనకు ఇచ్చి రావడం. తాళంచెవి పోయిన దగ్గర్నుంచి రోజూ ఆయనకే ఇస్తున్నా."

అదే గట్టు. దారిలోనే కదా, ఇచ్చేసి పోదాం అనుకున్నాడు మున్సు.

ముసలాయన కళ్ళకు పొర కమ్మి ఉంది. సంచి అందుకుని అరచేతిలో ఎత్తి చూశాడు.

"ఆవిడ ఏది?"

"నన్ను పంపింది."

"ఇవాళ మరీ బరువుంది. అంటే తనకేమీ ఉంచుకోలేదన్నమాట." కాసేపాగి, "రేపెవరొస్తారు?" అన్నాడు.

మున్సు నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

"కుర్రాడా, అటు కాదు, ఇటు తిరిగి చెప్పు. నాకు కళ్ళు లేవు గానీ గొంతు ఎటు తిరిగిందో తెలుస్తుంది. బియ్యం కోసం కాదు నేనడిగేది. ఆవిడ పక్కన ఇప్పుడెవరున్నారు?"

ఎవరూ లేరు. మున్సు వెనక్కి పరిగెత్తాడు. మెట్లన్నీ ఎక్కేసరికి ఒక్‌సిమ్ నేల మీద పడి ఉంది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఆవిడను వీపున వేసుకుని కొండ దిగాడు. ఆవిడ అంత తేలిగ్గా ఉండటం చూసి దారంతా తిట్టాడు. చోన్ గారి భార్యను, పాస్టరును, సముద్రాన్ని, ఆవిడ దేవుణ్ణి, ఆవిడను.

కడుపులో రాచపుండు ఎప్పుడో కాలేయం దాకా పాకిందనీ, చేయగలిగిందేమీ లేదనీ ఆసుపత్రిలో చెప్పారు.

మర్నాడు పొద్దున మున్సు గిన్నెలో బియ్యం పోసుకున్నాడు. ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలియదు. ఒక్‌సిమ్ లాగే చోన్ గారి భార్యతో మొదలుపెట్టి ఒక్కొక్క పేరూ చెప్పి, ఒక్కో చెంచా బియ్యం తీసి సంచిలో వేశాడు. ముసలాయనకు తీసుకెళ్ళి ఇచ్చాడు. రేపు కూడా నేనే వస్తానన్నాడు. అలా రోజూ వెళ్ళాడు. గట్టు చివరి దాకా మాత్రం నడవలేదు.

ఒక ఆదివారం సంచిలో సగం మందిరానికి తీసుకెళ్ళి జాడీలో పోశాడు.

"ఎవరి తాలూకు?" అంది చోన్ గారి భార్య.

"ఒక్‌సిమ్ గారి తాలూకు. ఇన్నాళ్ళూ ఆవిడ తెచ్చిన సంచుల్లో మొదటి చెంచా మీ పేరుది. మీ మోకాళ్ళ కోసం. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. మిమ్మల్ని చూస్తే సంతోషిస్తుంది."

ఆవిడ జాడీలోకి చాలాసేపు చూసింది. "మూత సరిగ్గా పెట్టు, పురుగు పడుతుంది," అంది. అంతే. ఆ వారం ఆసుపత్రికి ఎవరూ రాలేదు. పై వారమూ రాలేదు. మున్సు రోజూ సాయంత్రం ఆసుపత్రి గుమ్మంవైపు చూస్తూ కూర్చునేవాడు. చూసి చూసి, చోన్ గారి భార్య పేరున చెంచా వేయడం మానేశాడు.

చివరిసారి వెళ్ళిన రోజు ఒక్‌సిమ్ కళ్ళు మూసుకునే ఉంది. తీసుకెళ్ళిన జావ ఒక్క గుక్క కూడా దిగలేదు.

"ఏం చేశావురా ఇవాళ?"

"చెంచాలు వేశాను."

"ఎవరెవరికి?"

"మీజాకు. ముసలాయనకు. నీకు. కిసోక్‌కు." ఆ పేరు పైకి అనడం అతనికి అలవాటవుతోంది.

"నీకు?"

"నాకూ వేశాను."

"ఒకటి తగ్గింది."

"తెలుసు. వెయ్యను పెద్దమ్మా. ఆవిడ నిన్ను చూడ్డానికైనా రాలేదు."

ఒక్‌సిమ్ నిద్రపోయిందనుకుని మున్సు గిన్నె తీసుకుని లేచాడు. అప్పుడు కళ్ళు తెరవకుండానే అంది:

"రాలేనివాళ్ళకే కదురా చెంచా. ఇవాళ నీ పని ఇంకా అవలేదు. ఇంటికి పోయి ఆవిడది వేసి పడుకో. రేపు మాత్రం ముందు ఆవిడది వెయ్యి. వేశానని నాకు చెప్పడానికి రా."