మా వదిన పెట్టిన వాత

మా పిల్లకు మెడ ఎడమవైపు, దవడ కింద, పుట్టినప్పుడే చిన్న ఉబ్బు ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి అది నిమ్మకాయంత అయింది. ముట్టుకుంటే నీళ్లు నింపిన తిత్తిలా మెత్తగా ఉండేది. జలుబు చేస్తే ఇంకా పొంగేది. అప్పుడు పిల్ల మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి నన్ను చూసేది. తొంభైల చివరి రోజులవి. చోడవరంలో మాకు కొంత చెరకు, కొంత వరి ఉండేవి.

మా ఆయన అక్కను వడ్డాదిలో ఇచ్చారు. చుట్టుపక్కల పిల్లలకు నలత చేస్తే తల్లులు ఆవిడ దగ్గరికే పరుగెత్తేవారు. దిష్టి తీయడం, పసరు పోయడం, వాతలు పెట్టడంలో ఆవిడ తరవాతే ఎవరైనా అని పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

పిల్లను విశాఖపట్నం తీసుకెళ్తామని తెలిసి ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఆ పూట నేను పిల్లను ఆవిడ దగ్గర వదిలి చెరకు నరికేవాళ్లకు అన్నం పట్టుకెళ్లాను. తిరిగొస్తుంటే పిల్ల ఏడుపు వీధి మొదట్లోనే వినిపించింది. ఇంట్లోకి వెళ్లి చూస్తే ఉబ్బు మీద అడ్డంగా కాలిన గీత. పొయ్యి పక్కన ఇనప ఊచ ఇంకా వేడిగానే ఉంది.

"ఏటి సేసేవు వదినా?"

"వాత ఎట్టేను. లోపలి నీరు దానంతటదే ఆరిపోద్ది. పట్నం ఎల్లి గుంట పీక కోయించడం కంటే ఇది మేలు కాదేటి?" అంది. చేతులు కడుక్కుని టీ పెట్టమంది.

పెట్టి ఇచ్చాను. ఆవిడ తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి ఆ ముఖమే చూశాను. దీనికి బదులు తీర్చకపోతే నేను తల్లినే కానని అప్పుడే అనుకున్నాను.

కాలిన చోట చీము పట్టింది. విశాఖపట్నంలో డాక్టరు గారు అది చూశారు. "ముందు ఈ పుండు మానాలమ్మా. అప్పటిదాకా నేను సూది పెట్టలేను" అన్నారు. పుండు మానేలోగా పిల్లకు రెండుసార్లు జ్వరం వచ్చింది. గొంతు నొక్కినట్టై రాత్రిళ్లు గురక పెట్టేది. నాకు నిద్ర ఉండేది కాదు. మేలుకుని వదిననే తలుచుకునేదాన్ని.

ఒంట్లో నీరు పారే సన్నటి నాళాలు పుట్టుకతోనే సరిగా కుదరక అక్కడ తిత్తులు కట్టాయని డాక్టరు గారు చెప్పారు. కోస్తే పక్కన నరాలకు దెబ్బ తగలొచ్చు. అందుకని స్కానింగులో చూస్తూ సూదితో నీరు లాగి, అదే దారిన మందు ఎక్కిస్తామన్నారు. మందుకు తిత్తి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. "మొదట వాపు పెరుగుతుంది. భయపడకండి. ఊపిరి కష్టమైతే మాత్రం వెంటనే తీసుకురండి" అన్నారు.

పిల్లకు మత్తిచ్చేదాకా కాళ్లు పట్టుకుని ఉన్నాను. స్కానింగు తెర మీద నల్లటి అరలు కనిపించాయి. తలుపు వేసేశారు.

ఆయన అన్నట్టే ఇంటికొచ్చాక మెడ ఉబ్బిపోయింది. జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఈ సంగతి తెలిసి వదిన వచ్చి, మా వీధిలో అందరికీ వినబడేలా అంది: "సెప్తే విన్నాదేటి? పంతానికి గుంటని సంపుకుంటాది."

నేను బయటికి రాలేదు. తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. కొన్ని వారాలకు వాపు దిగడం మొదలైంది. మరి రెండుసార్లు సూది మందు పడ్డాక ఉబ్బు పోయి, బఠాణీ గింజంత గట్టిదనం మిగిలింది. వాత మచ్చ మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ అలాగే ఉంది.

ఆ ఏడే వదిన కూతురికి కొడుకు పుట్టాడు. బారసాలకు బంధువులంతా వడ్డాదిలో దిగారు. నేను పిల్లకు రెండు జడలు పైకి మడిచి కట్టి, మెడ బాగా కనబడేలా తీసుకెళ్లాను. భోజనాలకు ముందు ఆడవాళ్లంతా ఉయ్యాల చుట్టూ చేరారు. వదిన మనవణ్ని ఎత్తుకుని నిలబడింది.

ఎవరో అడిగారు. "గుంట మెడ బాగయిందే. ఎవులు తగ్గించేరు?"

ఆ మాట కోసమే వచ్చాను. పిల్ల గడ్డం ఎత్తి పట్టుకుని చెప్పాను. "ఉబ్బు తగ్గించింది డాక్టరు బాబు. ఇక్కడ కాల్చింది మా వదిన. నేను పొలంలో ఉన్నప్పుడు సూసి కాల్చింది. ఈ పుండు వల్లే మందు ఆలీసమైంది. మీ గుంటల్ని ఎవుల సేతికి ఇస్తన్నారో సూసుకోండి."

వదిన ఏదో అనబోయింది. అంతలో ఆవిడ కూతురు లేచి, "ఇలా ఇయ్యమ్మా" అని బిడ్డను తల్లి చేతుల్లోంచి తీసుకుంది. అంత బదులు దొరుకుతుందని నేను కూడా అనుకోలేదు. ఆ రోజు విస్తరి ముందు కూర్చుని కడుపు నిండా తిన్నాను.

తరవాత ఆవిడ దగ్గరికి పిల్లల్ని తేవడం తగ్గిందని విన్నాను. మా ఆయన ఒకసారి, "ఇంక సాల్లేదేటి? అక్క పెద్దదయిపోనాది" అన్నాడు. చాల్లేదన్నాను.

పిల్లకు అప్పటి నొప్పి గుర్తు లేదు. ఇప్పుడు పెద్దదయింది, మేనత్తను చూడడానికి తనే వెళ్తుంది. ఒకసారి ఆవిడ మాడుగుల హల్వా పంపింది. పిల్ల తిన్నది. నేను ముట్టుకోలేదు.