నేను కుట్టిన దొర టోపీ

ఆ రోజుల్లో మా పటేల్‌గూడ ఇంట్లో కిటికీ తెరిచే ముందు ముక్కుతో గాలిని అడిగేవాళ్లం. ఫ్యాక్టరీల వైపు గాలి అయితే కుళ్లిన వెల్లుల్లి వాసన, కాకపోతే మామూలు దుమ్ము. చుట్టాలు వస్తే గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. "ఏం వాసన?" అని మేం నిజంగానే అడిగేవాళ్లం. మా ఇంట్లో నాన్నకు ఉద్యోగ విరమణ ఇంకా చాలా దూరం ఉండగానే మా అందరి ముక్కులూ రిటైరైపోయాయి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి నాకున్న సాకు ఇదొక్కటే. అది కూడా అంత గట్టి సాకేం కాదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, కుట్టు నేర్చుకుని, ఇంట్లోనే జాకెట్లు కుడుతుండేదాన్ని. (రెండు చేతులూ ఒకే పొడవు రావడం అప్పటికింకా అదృష్టం మీదే ఆధారపడి ఉండేది.) ఆ వేసవిలో మా చర్చికి నూరేళ్లు నిండాయి. (ఈ మాట ఇలా అనకూడదని అమ్మ ఇప్పటికీ కోప్పడుతుంది.) పండుగ రోజున చర్చి పుట్టిన కథను నాటకంగా వేయాలని పాస్టరు గారి భార్య (చర్చిలో మేమంతా ఆమెను 'అమ్మగారు' అంటాం) పట్టుబట్టారు. గుర్రం మీద వచ్చిన దొర, ఆయన దొరసాని, అనుమతి ఇవ్వనని మొండికేసిన నిజాం కాలపు తహసీల్దారు, మధ్యలో నలిగిపోయిన ఊరి పటేలు. బట్టలన్నీ నేనే కుట్టాలన్నారు. "బయట కిరాయికి తెస్తే అన్నీ రాజుల డ్రెస్సులే దొరుకుతయి బిడ్డా. మన దొర రాజు గాదు కదా," అని నా చేతిలో ఒక పాత ఫోటో పెట్టారు. అందులో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ముఖాలన్నీ చెద తినేసింది. టోపీలు మాత్రం మిగిలాయి.

చర్చి పాత నల్ల తెర చించి దొరకు పొడవాటి కోటు కుట్టాను. దొరసాని వేషం అమ్మగారిదే. ఫోటోలో ఉన్నట్టు బుగ్గ చేతులు కావాలన్నారు. నేను ఉత్సాహంలో ఎంత గుడ్డ పెట్టానంటే, ఆ గౌను వేసుకున్నాక ఆమె తలుపుల్లోంచి పక్కవాటుగా నడవాల్సి వచ్చింది. తహసీల్దారు రూమీ టోపీని పాలపొడి డబ్బాకు ఎర్ర గుడ్డ చుట్టి కుట్టాను. కుచ్చు కూడా బాగానే ఊగింది. పటేలు తలపాగాకు నాన్న పాత ధోవతి సరిపోయింది. ఇక మిగిలింది దొర టోపీ. గుండ్రంగా ఉబ్బిన తల, చుట్టూ వంగి నిలబడే అంచు. మైదా ఉడికించి పాత పేపర్లు అంటించి, స్టీలు గిన్నె మీద ఆరబెట్టి ఒకటి చేశాను. గుమ్మడికాయలా వచ్చింది. రెండోది అట్టతో చేస్తే అంచు సాయంత్రానికి చెవుల మీదికి వాలిపోయింది. మూడోదాన్ని చూసి అమ్మ, "ఇది దొర పెట్టుకునేదా, కోళ్లను కమ్మేదా?" అంది. నేను కూర్చుని ఏడ్చాను.

నాన్న పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలి. మందు కలిపిన నీళ్లను వడగట్టే పెద్ద మిషన్‌లో బట్టలు మార్చడం ఆయన పని. నా ఏడుపు చూసిన రెండో రోజు, డ్యూటీ నుంచి వస్తూ సంచిలో ఒక పాత వడగట్టు బట్ట తెచ్చాడు. కంబళిలా దళసరి, కొంచెం పసుపు పచ్చన.

"దీన్ని సూడు బిడ్డా. రేకు లెక్క నిలబడ్తది. వాళ్లు పారేసేదే. మూడుసార్లు కడిగిన."

"వాసనొస్తుందా నాయినా?"

"నాకేం వస్తలేదు. నీకొస్తుందా?"

"రాదు."

"అయిపాయె మరి."

రెండు ముక్కులూ అలా సాక్ష్యం చెప్పాక నేను కత్తెర తీశాను. ఎనిమిది చీలికలు కోసి కలిపితే తల భాగం గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా నిలబడింది. అంచు ఎక్కడా ముడత పడకుండా వంగింది. పైన ఖాకీ గుడ్డ తొడిగాను. లోపల అస్తరు వేయడానికి గుడ్డ చాలలేదు. లోపల ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఒక గంట కూర్చుంటే అమ్మ పాత లంగా చింపి అస్తరు వేయగలిగేదాన్ని. వేయలేదు.

దొర వేషం మా చర్చిలో అందరూ హెడ్మాస్టర్ తాత అని పిలిచే పెద్దాయనది. హత్నూర దగ్గర బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ఆరడుగుల పొడవు, నున్నటి బట్టతల. నాకు ఇంగ్లీషు చెప్పడానికి నాలుగు నెలలు ప్రయత్నించి, "నువ్వు కుట్టు నేర్సుకో తల్లీ, దేశానికి మంచిది," అన్నది ఆయనే. టోపీ పెట్టుకుని చర్చి అద్దంలో చూసుకుని, "ఏంది బిడ్డా, నన్ను లండన్ పంపిస్తవా?" అన్నాడు. అంతే, ఆ టోపీ ఆయన తల దిగలేదు. రిహార్సలు అయ్యాక కూడా పెట్టుకునే ఇంటికి పోయేవాడు. కూరగాయల మార్కెట్‌కు పెట్టుకుని పోయాడు. స్కూటర్ ఆపి, "హెల్మెట్ ఏది సార్?" అని అడిగిన పోలీసుకు, "ఇది హెల్మెట్‌కు తాత," అని జవాబిచ్చాడు. మెప్పు అంటే ఏమిటో ఎరగని నాకు, ఆ వారం దారిలో ఎవరు కనపడ్డా, "దొర టోపీ నువ్వే కుట్టినవట గదా," అంటుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

నాటకం ఆదివారం, ఎండ మండిపోతున్న రోజు. కరెంటు పోయింది. తాత రెండున్నర గంటలు ఆ నల్ల కోటులో, ఆ టోపీలో నిలబడి మా తాతముత్తాతలకు వాక్యం చెప్పాడు. మధ్యలో చేతికర్రను టోపీ కింద దూర్చి గోక్కుంటుంటే, దొరలు ఇలాగే చేసేవారు కాబోలనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన కణతల మీదుగా పసుపు రంగు చెమట ఒక చారలా దిగడం నేను చూశాను. ఖాకీ రంగు దిగుతోందేమో, గుడ్డ కొట్టువాడు మోసం చేశాడనుకున్నాను.

మంగళవారానికి తాత తల చుట్టూ వలయంలా పొక్కులు లేచాయి. మా చర్చి ముసలమ్మలు అది చూసి ముళ్ల కిరీటం గుర్తు అన్నారు. నూరేళ్ల పండుగకు ప్రభువు ఇచ్చిన దర్శనమని గుంపులుగా వెళ్లి ఆయన మంచం చుట్టూ పాటలు పాడారు. "గుర్తు వేస్తే వేసిండు గని, గింత మంటెందుకు పెడ్తుండు?" అని తాత మూలిగాడట. శుక్రవారానికి కళ్లు వాచి మూసుకుపోయాయి, జ్వరం ఎక్కింది. సంగారెడ్డి దవాఖానాలో చేర్చారు. డాక్టరు చూసి, "ఇది దర్శనం కాదు, ఏదో మందు తగిలి కాలింది. తలకు ఏం పూసిన్రు?" అని అడిగాడు.

అందరికీ పెయింటర్ అన్న గుర్తొచ్చాడు. లారీల వెనక పూలూ హంసలూ వేసే మనిషి, మా పక్క సందులో ఉండేవాడు. మా చర్చివాడు కాదు. అడిగామని నాటకం రోజు వచ్చి, డబ్బులు తీసుకోకుండా అందరికీ ముఖాలకు రంగు వేసిపెట్టాడు.

శనివారం నేను దవాఖానాకు వెళ్లాను. తాత నిద్రపోతున్నాడు. నర్సు కట్టు మారుస్తోంది. ముదురు ఎరుపు మచ్చ, దాని అంచున చేప పొలుసుల్లా లేస్తున్న చర్మం. అలాంటిది నేను అంతకుముందు ఎక్కడ చూశానో వెతుక్కోనక్కర్లేదు. మా నాన్న మోచేతుల కింద, ఏడేళ్లుగా, రోజూ అన్నం తినేటప్పుడు చూస్తున్నదే. మేం దాన్ని 'వేడి' అనేవాళ్లం. కొబ్బరి నూనె రాసేవాళ్లం.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో చాట కింద పెట్టింది.

"నోరు ముయ్యి. కంపెనీ బట్ట ఇంటికి తెచ్చిండని తెలిస్తే మీ నాయినను రేపే తీసేస్తరు. పెద్దాయనకు ఇయ్యాల కాకుంటే రేపు తగ్గుతది. నౌకరి పోతే మళ్లొస్తదా?"

మూసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పెద్దలు పెయింటర్ అన్నను పిలిపించారు. ఆయన తన రంగు డబ్బాలన్నీ గంపలో తెచ్చి, బల్ల మీద వరసగా పేర్చాడు. "ఇవి సారుకు ముట్టియ్యలే అయ్యగారూ. పౌడరూ కుంకుమే పెట్టిన," అన్నాడు. కాసేపు తన అరచేతులు తిప్పి చూసుకుని, "గని నా చేతులు సరిగ్గ కడుక్కోలేదేమో. లారీ పని మీదికెళ్లే వచ్చిన ఆ రోజు," అన్నాడు. అందరికీ టీ ఇస్తున్నది నేనే. ఆయనకు కూడా ఇచ్చాను. కప్పు అందుకోవడానికి భయపడి, బల్ల మీద పెట్టమన్నాడు.

ఆ వారమంతా నేను ఒక్క జాకెట్ కూడా సరిగ్గా కుట్టలేదు. మరుసటి ఆదివారం, ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. పెద్ద ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్లాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "టోపీ నాది" అన్న రెండు మాటలు. "నీదేనమ్మా, మస్తుగుంది," అని వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు కూడా. అప్పుడు చెప్పాను. పెయింటర్ అన్న తప్పు లేదనీ, టోపీ బట్టలోనే మందు ఉందనీ. "బట్ట ఎక్కడిది?" అని ఒక పెద్దాయన అడిగాడు. "పాత సామాన్ల దుకాణంల తెచ్చిన," అన్నాను. (దేవుడి మందిరంలో నిలబడి, నిజం ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ మధ్యలో అబద్ధమాడిన మనిషిని నేను తప్ప ఇంకెవరినీ చూడలేదు.)

మగవాళ్ల వైపు నుంచి నాన్న లేచాడు.

"దుకాణంల కాదు. నేను తెచ్చిన, కంపెనీల కెళ్లి. ఆమె కుట్టింది, అంతే."

"మరి నీకేం కాలేదా?" అని అదే పెద్దాయన అడిగాడు.

నాన్న అంత ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కానే వేసుకునేవాడు. చర్చిలో ఎవరికీ చెయ్యి కలిపేవాడు కాదు. ఆయనకు గర్వమని అందరూ అనుకునేవారు. ఇప్పుడు చేతి గుండీలు విప్పి, రెండు చేతులూ మోచేతుల దాకా మడిచి చూపించాడు. ముందు వరసలో, ముళ్ల కిరీటం అన్న ముసలమ్మల్లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పెయింటర్ అన్న దగ్గరికి వెళ్లాను. లారీ వెనక హంస మెడ దిద్దుతున్నాడు. తిరిగి చూడలేదు.

"వారం దినాలాయె, నా బిడ్డను ఎత్తుకోలే. నా చేతులల్ల ఇసముందనుకున్న," అన్నాడు. "పో అమ్మా. ఇప్పుడు నాతోని మాట్లాడకు."

ఇప్పటికీ ఎదురుపడితే తల ఊపుతాడు. మా ఇంట్లోకి మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు. దాన్ని సరిచేసే కుట్టు నాకు రాదు.

మాట ఎవరు మోశారో తెలియదు, పది రోజుల్లో కాంట్రాక్టరు నాన్నను ఇక రావొద్దన్నాడు. కారణం చెప్పలేదు. టోపీ అప్పటికి తాత ఇంటి నుంచి మా ఇంటికే తిరిగొచ్చింది. అమ్మగారు దాన్ని చర్చి బీరువాలో దాచాలన్నారు, చరిత్ర కదా అని. కాల్చుదామంటే పొగ, పాతుదామంటే పక్కన బోరు. చివరికి నాన్న తన చెప్పులూ టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి కంపెనీకి వెళ్లినప్పుడు, దాన్ని సంచిలో పెట్టుకుని పోయి, ఆ బట్ట తీసుకున్న మూలలోనే పడేసి వచ్చాడు.

తర్వాత నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. "దానికి అన్నం పెట్టు," అని అమ్మతో చెప్పేవాడు, నేను పక్కనే కూర్చుని ఉండగా.

తాతకు తగ్గింది. తల చుట్టూ గోధుమ రంగు చార మాత్రం ఉండిపోయింది. క్షమించమని అడగడానికి వెళితే ఆయన నా ఏడుపును మధ్యలోనే ఆపి, "మీ నాయినకు ఏం మందు పెడ్తున్నరు?" అన్నాడు.

"కొబ్బరి నూనె, తాతా."

నాకు ఇంగ్లీషు చెప్పిన నాలుగు నెలల్లో కూడా చూడని కోపం చూశాను ఆ రోజు. "నాకు వారం దినాలకే దవాఖాన! ఆయనకు ఏడేండ్లకు కొబ్బరి నూనెనా? నీకు డిగ్రీ ఎవడిస్తడే!" మర్నాడే నాన్నను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చేతులు మానుతాయన్నాడు డాక్టరు. ఊపిరితిత్తుల సంగతి అడిగితే, ముందే రావాల్సిందన్నాడు. అన్నట్టే వానాకాలానికి చేతుల మీద కొత్త చర్మం వచ్చింది. దగ్గు పోలేదు. ఒకరోజు నేను గుడ్డ కత్తిరిస్తుంటే నాన్న వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. గుడ్డ సగం తెగాక, "నువ్వు చెప్పకపోతే నేను చెప్పకపోదును," అన్నాడు. అది మెచ్చుకోలో, నిష్ఠూరమో నాకు ఈ రోజుకూ తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

నేనిప్పుడు కంది నుంచి పటాన్‌చెరు దాకా బడులకూ కాలేజీలకూ వేషాల బట్టలు కుడతాను. నవాబులు, దొరలు, దివాన్లు, ఎవరు కావాలంటే వాళ్లు. అస్తరు లేకుండా ఏదీ గడప దాటదు. టోపీలు ఎన్ని చేసి ఉంటానో లెక్క లేదు. ఎవరికీ చెప్పకూడని మాట ఒకటుంది, ఇంత చెప్పాక దాచడమెందుకు. నాటకం రోజు తీసిన ఫోటో నా దగ్గర ఉంది. దాన్ని తీసినప్పుడల్లా ముందు తాత ముఖం చూడాలనే అనుకుంటాను. కానీ నా కళ్లు నేరుగా ఆ టోపీ అంచు మీదికి పోతాయి. ఎంత చక్కగా వంగిందో, ఎక్కడా ఒక్క ముడత లేదు. అలాంటి అంచు మళ్లీ నా చేతికి రాలేదు. ఇరవై ఏళ్ల ఆ మొద్దు పిల్ల మీద నాకు ఇప్పటికీ కొంచెం అసూయే. సిగ్గుపడి ఫోటో లోపల పెట్టేస్తాను.